ఆల్బమ్ చేయించుకున్నాం: పదిహేను నెలలు, మూడు లక్షల ఇరవై ఆరు వేలు, ఒక ఒత్తు

మా ఆల్బమ్ 2025 ఏప్రిల్ 11, శుక్రవారం నాడు బయటికొచ్చింది. చేద్దామని అనుకున్నది 2024 సంక్రాంతి సెలవుల్లో. ఉగాదికి రికార్డింగ్, వినాయక చవితికి విడుదల అని మా డ్రమ్మర్ వాళ్ల డాబా మీద కూర్చుని లెక్క వేశాం. ఖర్చు లక్షా ఎనభై వేలు అనుకున్నాం. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది, అప్పుడప్పుడు తీసి నవ్వుకోవడానికి.

బ్యాండ్ పేరు చెప్పను, ప్రచారానికి రాశాననుకుంటారు. సికింద్రాబాద్ చుట్టుపక్కల ఉండే ఐదుగురం, అందరికీ ఉద్యోగాలున్నాయి. వాయించేది మెలోడిక్ డెత్ మెటల్, అంటే భారీ గిటార్ల మీద రాగాలు, పైన అరుపు గొంతు. నేను గొంతు, రిథమ్ గిటార్. ఈ మధ్య ముగ్గురు కుర్రాళ్లు విడివిడిగా "అన్నా, ఆల్బమ్‌కి ఎంతవుతుంది?" అని అడిగారు. నేనూ అప్పట్లో నలుగురిని అడిగాను. ఒక్కరూ అంకె చెప్పలేదు. అందుకే అంకెలతో సహా రాస్తున్నాను.

మా దగ్గర పది పాటలున్నాయి, మొత్తం 51 నిమిషాలు. స్వీడన్ బ్యాండ్ ఎట్ ద గేట్స్ వాళ్లు 1995లో తెచ్చిన "స్లాటర్ ఆఫ్ ద సోల్" 34 నిమిషాల్లో అయిపోతుంది. వాళ్లకంటే పదిహేడు నిమిషాలు ఎక్కువ మనం చెప్పాల్సింది ఏముందిరా అని బేస్ వాయించేవాడు అడిగాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఒక పాట తీసేశాం, మిగతా వాటిలో నాలుగేసి సార్లు తిరిగే రిఫ్‌లను (గిటార్ ముక్కలను) రెండుకు కోశాం. తొమ్మిది పాటలు, 39 నిమిషాలు మిగిలాయి. తీసేసిన పాట మా లీడ్ గిటారిస్టుది. పదిహేను రోజులు వాడు గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టలేదు.

మార్చి, ఏప్రిల్ నెలలు క్లిక్‌తోనే (వేగం తప్పకుండా చెవిలో టిక్‌టిక్‌మనే మెట్రోనోమ్) గడిచాయి. స్టేజీ మీద కోరస్ రాగానే మేం పరిగెత్తుతామని అప్పుడే తెలిసింది. నిమిషానికి 184 బీట్ల దగ్గర మొదలైన పాట 191కి చేరుతోంది. క్లిక్‌కి కట్టుబడి 184లోనే వాయిస్తే పాట చచ్చినట్టుంది. చివరికి ఆ పరుగునే కంప్యూటర్‌లో రాసుకున్నాం: చరణం 184, కోరస్ 189, మళ్లీ చరణం 185. అన్ని పాటలకూ ఇలా చేయడానికి మొత్తం ఆరు వారాలు పట్టింది. ప్రాక్టీస్ గదికి గంటకు 400 చొప్పున 60 గంటలు, అంటే 24 వేలు. మా కాగితంలో ఈ ఖర్చే లేదు.

డ్రమ్స్ మాత్రం అసలైన స్టూడియోలో చేయాలనుకుని జూన్ 8 నుంచి మూడు రోజులు తీసుకున్నాం, రోజుకు తొమ్మిది వేలు. మొదటి రోజు సాయంత్రం నాలుగు దాకా ఒక్క దెబ్బ కూడా రికార్డు కాలేదు. స్కిన్లు మార్చడం (పదకొండు వేలు, అవి మనమే కొనుక్కోవాలి), ఒక్కో డ్రమ్మును శ్రుతి చేయడం, పదమూడు మైకులు పెట్టడం, ఒకదాన్ని రెండంగుళాలు జరిపి మళ్లీ వినడం, ఇదే పని. అన్నీ కుదిరాక కిక్ పెడల్ (పెద్ద డ్రమ్మును కాలితో కొట్టే మీట) కీచుమంటోందని స్టూడియో అన్న కనిపెట్టాడు. బయట ఎవరికీ వినపడని ఆ చప్పుడు మైకులో పిల్లి అరుపులా ఉంది. పక్క వీధి కిరాణా కొట్లో కుట్టుమిషన్ నూనె సీసా కొనుక్కొచ్చాం. మొత్తం ఆల్బమ్‌లో డబ్బుకి తగిన ఫలితం ఇచ్చిన వస్తువు ఏదైనా ఉందంటే ఆ సీసానే.

రెండో రోజు కరెంటు పోయింది. కంప్యూటర్‌కి యూపీఎస్ ఉంది, ఏసీకి లేదు. తలుపులు తెరిస్తే చప్పుడు, మూస్తే ఉక్క. మా డ్రమ్మర్ రెండు కాళ్లతో 190 వేగంలో డబుల్ బేస్ (రెండు పెడళ్లతో కిక్ డ్రమ్) కొడుతుంటే పిక్కలు పట్టేశాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెప్పించి కాసేపు వాడి కాళ్లు గోడకు ఎత్తిపెట్టి పడుకోబెట్టాం. మూడో రోజు రాత్రికి ఆరు పాటలే అయ్యాయి. నాలుగో రోజు మంగళవారం. ఆఫీసులో జ్వరమని చెప్పి వచ్చాను. అక్కడికి స్టూడియోకి 36 వేలయింది.

గిటార్లు ఇంట్లోనే. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రికార్డు చేసేటప్పుడు ఆ భారీ శబ్దం గదిలో ఉండదు. గిటార్ కేబుల్ నేరుగా కంప్యూటర్‌లోకి వెళ్తుంది, ఆంప్ (ఆంప్లిఫయర్) శబ్దం హెడ్‌ఫోన్స్‌లో నాకొక్కడికే. ఇంట్లో వాళ్లకు వినపడేది పిక్ తగిలే టిక్కుటిక్కే. "రాత్రంతా ఎలక కొరుకుతున్నట్టుంది, ఏంట్రా అది?" అని మా అమ్మ మూడో రోజు అడిగింది. శుభ్రంగా ఉన్న ఆ తీగ చప్పుడునే తర్వాత మిక్సింగ్ చేసేవాళ్లు (అన్ని వాయిద్యాలనూ, గొంతునూ కలిపి పాటగా సర్దేవాళ్లు) తమ ఆంప్‌లోకి పంపి కొత్తగా రికార్డు చేస్తారు.

ప్రతి రిఫ్‌నూ రెండుసార్లు వాయించాలి. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి. ఒకే టేకును కాపీ చేసి రెండు పక్కలా పెడితే అది వెడల్పు రాదు, మధ్యలో ఒకే ముద్దగా వినిపిస్తుంది. ఇద్దరు వేరువేరుగా వాయించినట్టు వెంట్రుకవాసి తేడాలుండాలి, కానీ ఆ తేడా వెంట్రుకవాసి దాటకూడదు. మా ట్యూనింగ్ మామూలు కంటే రెండు స్వరాలు కిందికి, అంటే అన్నిటికంటే కింది తీగ సి స్వరంలో. తీగలు వదులుగా ఉంటాయి, కాస్త గట్టిగా నొక్కితే శ్రుతి జారిపోతుంది. ఏసీ వేస్తే ఒక శ్రుతి, ఆపితే ఇంకొకటి. టేకు టేకుకీ ట్యూనర్ చూసుకోవడమే. రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా, 23 రాత్రులు. గిటార్లు సెట్ చేయించడానికి 3,600, ఆరు సెట్ల తీగలకు 5,400. బేస్ రెండు వారాంతాల్లో అయిపోయింది. వాడు ఎప్పుడూ అంతే, చప్పుడు లేకుండా వస్తాడు, పని ముగించుకుని వెళ్తాడు.

అప్పుడే పిన్ని సంగతి జరిగింది. మా పిన్ని విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంది. ఏదో పెళ్లికని వచ్చి మా ఇంట్లో వారం ఉంది. ఒక మధ్యాహ్నం నేను ఐదో పాటలో జంట గిటార్ల భాగం స్పీకర్‌లో వింటుంటే వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"ఇది కీరవాణి కదరా?"

ఆ రాగాన్నే మేం హార్మోనిక్ మైనర్ అంటాం. అవును పిన్నీ అన్నాను.

"మరి రెండోవాడు నటభైరవిలోకి ఎందుకు పోతున్నాడు? ఒకడు కాకలి నిషాదం, ఒకడు కైశికి. రెండూ ఒకేసారి పడుతున్నాయి, అక్కడ."

నేను ఒప్పుకోలేదు. మన సంగీతంలో హార్మొనీ ఉండదు కాబట్టి రెండు స్వరాలు కలిసి వస్తే పిన్నికి అలాగే అనిపిస్తుందని, ఈ సంగీతమే ఈ జంట గిటార్ల మీద నడుస్తుందని వివరించబోయాను. ఆమె విసుక్కోకుండా "సరే, ఆ చోటు ఒక్కటి మెల్లగా పెట్టు" అంది. సగం వేగంలో పెట్టాను. నిజమే. లీడ్ గిటార్ బి (పిన్ని చెప్పిన కాకలి) వాయిస్తున్న చోట నా గిటార్ బి ఫ్లాట్ (కైశికి) వాయిస్తోంది. నాలుగేళ్లుగా ఆ పాట స్టేజీల మీద అలాగే వాయించాం. మాలో ఎవరికీ వినపడలేదు, వినేవాళ్లకూ వినపడలేదు. ఆ రాత్రి ఆ రెండు బార్లూ (రెండు తాళావృత్తాలంత ముక్క) మళ్లీ రికార్డు చేశాను.

మిక్సింగ్‌కి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో సొంతంగా పనిచేసుకునే ఒక ఇంజనీరును అనుకున్నాం. ఇన్ ఫ్లేమ్స్, డార్క్ ట్రాంక్విలిటీ, ఎట్ ద గేట్స్ బ్యాండ్లు, ఈ శబ్దమంతా పుట్టిన ఊరు అదే కదా అని ఒక చాదస్తం. ఇక్కడే చేయించి ఉంటే సగంలో అయ్యేది, ఆ మాట ఒప్పుకుంటాను. జూన్ చివర్లో మెయిల్ పెట్టాం. జవాబు లేదు. మళ్లీ పెట్టాం. లేదు. మా శాంపిల్ పాట నచ్చలేదని నలుగురూ తేల్చేశారు. ఆగస్టు మొదటి వారంలో "సెలవుల నుంచి ఇప్పుడే వచ్చాను, పాట బాగుంది" అని జవాబు వచ్చింది. స్వీడన్‌లో జూలై నెలంతా జనం సెలవు మీద పోతారట. పాటకు 150 యూరోలు, మూడుసార్లు మార్పులు ఉచితం.

ఇక గొంతు. నా కష్టమంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

గంటకు 700 లెక్కన ఇంకో చిన్న స్టూడియోలో మొదలుపెట్టాం, జూలై 20, శనివారం. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటుంది. మొదటి గంటలోనే వాచ్‌మన్ తలుపు కొట్టాడు. "సార్, లోపల ఏమన్నా గొడవనా? పైన అమ్మగారు భయపడుతున్నరు." లోపలికి పిలిచి నా అరుపు అతనికి వినిపించి చూపిస్తే కాసేపు నన్నే చూసి, "గొంతు నొయ్యదా సార్?" అన్నాడు. ఆ రోజు నొప్పి లేదనే చెప్పాను.

మర్నాడు లష్కర్ బోనాలు. పొద్దున్నుంచీ డప్పులు. సెల్లార్ గోడలు సన్నపు చప్పుళ్లను ఆపుతాయి గాని డప్పును ఆపలేవు. ప్రతి టేకు అడుగునా డప్పు. మా డ్రమ్మర్‌కి ఉత్సాహం వచ్చి "ఉంచేద్దాం మామా, మస్తుంది" అన్నాడు. వద్దన్నాను. డప్పు కలిపితే చాలు, ఫ్యూజన్ అని బోర్డు తగిలించి పక్కన పెడతారు. పైగా ఆ డప్పు మాది కాదు, ఊరేగింపులో వాళ్లది. మూడు గంటలు డబ్బు కట్టి ఒక్క లైను కూడా ఉంచుకోలేదు.

ఆ పోగొట్టుకున్న రోజును పూడ్చాలని మరుసటి వారం ఆఫీసు అయ్యాక రోజూ గంటల తరబడి అరిచాను. అది తప్పు. ఈ గొంతు సరిగ్గా చేస్తే స్వరతంత్రుల మీద కాదు, వాటికి పైనున్న మడతల మీద పలుకుతుంది. అలసిపోయాక తెలియకుండానే బరువంతా కిందికి దిగుతుంది. జూలై 26 పొద్దున లేచేసరికి "అమ్మా" అన్న మాట కూడా రాలేదు. గాలి మాత్రమే వచ్చింది. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర కెమెరా గొట్టం ముక్కులోంచి దింపి చూపించారు. ఎర్రగా వాచి ఉంది. మొత్తం 2,200 అయింది. ఏం చేస్తారు మీరు అని అడిగితే కాగితం మీద "పాడతాను" అని రాసిచ్చాను. ఏం పాటలు అని అడగలేదు, బతికిపోయాను. మూడు వారాలు విశ్రాంతి, అందులో మొదటి వారం మౌనం. గుసగుసగా కూడా మాట్లాడొద్దన్నారు, అది మామూలు మాటకంటే చెడ్డదట. ఆ వారం ఆఫీసు కాల్స్‌లో చాట్‌లో టైపు చేస్తూ కూర్చున్నాను. రాత్రిళ్లు మాత్రం భయమేసేది. పాట సంగతి అలా ఉంచండి, రేపు మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడే గొంతు ఉంటుందా అని.

ఆగస్టు 17న మళ్లీ మొదలుపెట్టాను. రోజుకు గంటన్నర మించకుండా, మధ్యమధ్యలో రోజులు విడిచి. విచిత్రం ఏంటంటే అలా చేస్తేనే వేగంగా అయింది.

తొమ్మిదిలో ఎనిమిది ఇంగ్లిష్ పాటలు, ఒకటి తెలుగు. శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్లలో మా తాతగారి ఊరు ఒకటి. దాని గురించి రాసుకున్న పాట. తెలుగులో ఈ గొంతుతో పాడటం ఇంకో విద్య. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. "ఆ" మీద అరుపు ఎంతసేపైనా నిలుస్తుంది. "ఇ" మీద పలచబడి ఈల అవుతుంది. "ఉ" మీద గొంతులోనే మునిగిపోతుంది. మన క్రియలేమో ఎక్కువగా "ది", "డు"లతోనే ఆగుతాయి. సగం లైన్లు చివర్లు మార్చుకున్నాను, "మునిగింది" ఉన్నచోట "మునిగిన" అని. ల, ళ ఒకటైపోయాయి, ణ కూడా న అయింది. దానికి నేనేం చేయలేకపోయాను. క్ష మాత్రం దేవుడిచ్చిన వరం. ఆ అక్షరం ఈ సంగీతం కోసమే పుట్టినట్టుంటుంది.

చివరి రెండు రోజులు ఆగస్టు 31, సెప్టెంబర్ 1. తెలంగాణ అంతా కుండపోత గుర్తుందిగా, ఆ శని, ఆదివారాలే. సెల్లార్‌లోకి నీళ్లొస్తాయేమోనని వాచ్‌మన్ ఇసుక బస్తాలు వేస్తుంటే లోపల నేను నీట మునిగిన ఊరి పాట పాడుతున్నాను. గొంతు పనికి 22 గంటలు, 15,400.

సెప్టెంబర్ 9న గోథెన్‌బర్గ్ ఇంజనీరుకు 14 జీబీ ఫైళ్లు పంపాం. పేర్లు పెట్టడమే రెండు రోజుల పని. "గిటార్ ఫైనల్ కొత్తది 2" లాంటి పేర్లు వద్దని ఆయన ముందే చెప్పాడు. సగం డబ్బు ముందు కట్టాలి. విదేశానికి డబ్బు పంపాలంటే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల 15సీఏ ఫారం కావాలని బ్యాంకులో అడిగారు. ఏడాదికి ఐదు లక్షల లోపే కాబట్టి సీఏ ఇచ్చే 15సీబీ సర్టిఫికెట్ అక్కర్లేదని బేస్ వాడి అక్క చెప్పింది, ఆమె సీఏనే. ఫారం ఇరవై నిమిషాల్లో అయింది. ఏ పనికి పంపుతున్నారన్న కోడ్ దగ్గర మాత్రం రెండుసార్లు వెనక్కి పంపారు. మొత్తం తొమ్మిది రోజులు.

మొదటి మిక్స్ అక్టోబర్ 21న వచ్చింది. కారులో కూర్చుని ఐదుగురం విన్నాం. ఎవరూ మాట్లాడలేదు. మా ఇంట్లో ఎలక కొరికిన చప్పుడు గోడలా లేచి నిలబడింది. ఒకే స్పీకర్‌కి రెండు ఎస్ఎం57 మైకులు, ఒకటి నేరుగా, ఒకటి ఏటవాలుగా పెట్టి తీశాడట. ఫ్రెడ్‌మన్ స్టూడియో పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి అది. మా లీడ్ గిటారిస్టు హెచ్ఎం-2 పెడల్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే పెట్టె) నాలుగు నాబ్‌లూ చివరిదాకా తిప్పి తీయమని రాద్దామన్నాడు. అది స్టాక్‌హోమ్ సన్‌లైట్ స్టూడియో శబ్దం, గోథెన్‌బర్గ్ వాడికి ఆ మాట రాస్తే హైదరాబాద్ వాడి బిర్యానీలో బంగాళాదుంప వేయమన్నట్టు ఉంటుందని ఆపాం.

తర్వాత గొడవలు. ఎవరి వాయిద్యం వాళ్లకు తక్కువే వినపడింది. ఐదుగురి చిట్టాలూ కలిపితే "అన్నీ పెంచండి" అని వచ్చింది. చివరికి ఒక నియమం పెట్టుకున్నాం: ఎవరూ తన వాయిద్యం గురించి రాయకూడదు, పక్కవాడి గురించే రాయాలి. చిట్టా నలభై నుంచి పదకొండుకు పడింది. అక్టోబర్ చివర్లో ఇంకో చిన్న పొరపాటు. స్వీడన్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారని మాకు తెలియదు. మూడున్నర గంటల తేడా నాలుగున్నర అయింది. ఐదుగురం ఒక ఖాళీ వీడియో కాల్‌లో గంటసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

తెలుగు పాట నవంబర్ చివర్లో వచ్చింది. అన్నీ బాగున్నాయి, మొదటి లైనులో ఏదో గుచ్చుకుంది. "మట్టి" అని పాడాను. వినపడుతున్నది "మటి". నాలుగుసార్లు విన్నాను. గొంతు కోలుకుంటున్న రోజుల్లో పాడింది కదా, నేనే సరిగ్గా పలకలేదేమో అనుకున్నాను. నా దగ్గరున్న అసలు ఫైలు తెరిస్తే అందులో "మట్టి" అనే ఉంది. అప్పుడు అర్థమైంది. ఈ ఒత్తు పలికేటప్పుడు నాలుక అంగిలికి అతుక్కుని ఒక్క క్షణం శబ్దం ఆగుతుంది. స్క్రీన్ మీద అది ఖాళీ గీతలా కనిపిస్తుంది. గొంతును పాట తాళానికి సర్దేటప్పుడు ఇంజనీరు ఆ ఖాళీని తడబాటు అనుకుని కత్తిరించేశాడు. వెతికితే పాట మొత్తంలో అలాంటివి పదిహేడు. "నెత్తి" "నెతి" అయింది, "గట్టు" "గటు" అయింది.

ఆయనకు ఎలా చెప్పాలి? ముందు మెయిల్ రాశాను, అర్థం కాలేదు. చివరికి ఫోన్‌లో రెండు మాటలూ పక్కపక్కన పలికి రికార్డు చేసి పంపాను, రెండింటికీ మధ్య తేడా ఆ ఆగడమే, అది తీసేస్తే మాట పోతుందని. పది నిమిషాల్లో జవాబు. స్వీడిష్‌లోనూ ఇలా వత్తి పలికే హల్లులు ఉన్నాయట, తనకు తట్టనందుకు సిగ్గుగా ఉందని రాశాడు. పదిహేడు ఒత్తులూ ఆ రాత్రే తిరిగొచ్చాయి, ఉచిత మార్పుల లెక్కలో వేయకుండా.

మిగతావి త్వరగా చెప్తాను. మిక్సింగ్ 1,350 యూరోలు, మాకు 1,21,500 పడింది. మాస్టరింగ్ (మిక్స్ అయిన పాటల శబ్దానికి చివరి మెరుగు) 32,400, ఫిబ్రవరిలో ముగిసింది. కవర్ బొమ్మకు 25 వేలు. అది గీసినమ్మాయి ఒక్కతే చెప్పిన తేదీకి ఇచ్చింది. 200 సీడీలు 22 వేలు, వంద టీషర్టులు 28 వేలు, డిస్ట్రిబ్యూటర్‌కి (పాటలను స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే కంపెనీకి) రెండు వేలు. తిండి, పెట్రోలు, నా డాక్టరు ఫీజు కలపకుండా మూడు లక్షల ఇరవై ఆరు వేలు. తలా 65 వేల చొప్పున వేసుకున్నాం. నా వంతు ఆ ఏడాది బోనస్‌లో పోయింది.

మార్చి 3న డిస్ట్రిబ్యూటర్ దగ్గర అప్‌లోడ్ చేశాం. ఏప్రిల్ 11 అర్ధరాత్రి ఐదుగురం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. పన్నెండు దాటింది, మా పేజీలో ఏమీ లేదు. పన్నెండున్నరకు మా డ్రమ్మర్ చెల్లెలు కనిపెట్టింది, మా పేరుతోనే వేరే దేశంలో ఇంకో బ్యాండ్ ఉందట, మా ఆల్బమ్ వాళ్ల పేజీలో పడింది. వాళ్లు వాయించేది చిన్నపిల్లలను నిద్రపుచ్చే గిటార్ సంగీతం. వాళ్ల శ్రోతలు ఆ ఉదయం ఏం అనుభవించారో తలుచుకుంటే ఇప్పటికీ పాపం అనిపిస్తుంది. సరిచేయడానికి పదకొండు రోజులు పట్టింది. అప్‌లోడ్ చేసేటప్పుడే "కొత్త ఆర్టిస్ట్ పేజీ" అన్న గడి టిక్ చేయాలి. మేం చేయలేదు.

టీషర్టులు రెండు షోలలో అయిపోయాయి. సీడీలు 61 నా మంచం కింద ఉన్నాయి. పిన్నికి ఒకటి పంపాను, ప్లేయర్ లేదని బీరువాలో పెట్టుకుంది. స్ట్రీమింగ్ మీద మూడు నెలలకు 2,160 రూపాయలు వచ్చినట్టు చూపిస్తోంది. డిస్ట్రిబ్యూటర్ దగ్గర రెండున్నర వేలు నిండితేగాని చేతికివ్వరు.